కౌంటీ క్యాన్సర్ మ్యాపు చూసి కంగారు పడకముందే: 65 ఏళ్ల లోపు వాళ్ల మరణాల రేటు ఎలా చదవాలి

అమెరికాలో ఇల్లు కొనే పనిలో ఉన్నవాళ్లు స్కూల్ రేటింగులు, ప్రాపర్టీ ట్యాక్సులు చూసినట్టే ఈ మధ్య కౌంటీల (మన జిల్లాల్లాంటివి) క్యాన్సర్ మరణాల మ్యాపు కూడా చూస్తున్నారు. ఎర్రగా ఉంటే టెన్షన్, లేత రంగులో ఉంటే హమ్మయ్య. రెండూ తొందరపాటే. ఆ రంగు వెనక ఎన్ని మరణాలు ఉన్నాయి, చనిపోయింది ఎవరు, వాళ్లు అక్కడ ఎన్నేళ్లుగా ఉంటున్నారు అన్నవి తెలియకుండా ఆ మ్యాపు మీకు చెప్పేది చాలా తక్కువ. 65 లోపు వాళ్ల లెక్కయితే మరీ జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే ఆ వయసులో క్యాన్సర్ మరణాలు ఎలాగూ తక్కువ, దాన్ని మళ్లీ 3,140కి పైగా కౌంటీల మధ్య పంచేసరికి చాలా చోట్ల వేళ్ల మీద లెక్కపెట్టగలిగే అంకెలే మిగులుతాయి.

అందుకే ఏ అంకె కనిపించినా "ఎందుకు ఇంత ఎక్కువ?" అనే ప్రశ్న దగ్గరికి వెంటనే వెళ్లొద్దు. ముందు "నిజంగా ఎక్కువేనా?" అని అడగండి. అది తేలాక "ఎవరి లెక్క ఇది?" అని అడగండి. కారణాలు ఆ తర్వాత. ఈ వరస ఒక్కటి పట్టుకుంటే సగం పుకార్లు అక్కడే ఆగిపోతాయి.

ముందు 65 అనే గీత ఎందుకో తెలుసుకోండి

రిటైర్మెంట్ వయసు అంటే అమెరికాలో ఒక్కటే అంకె కాదు. 1960లోనో ఆ తర్వాతో పుట్టినవాళ్లకి సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పింఛను) పూర్తిగా వచ్చేది 67కి. కానీ మెడికేర్, అంటే పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, 65కే మొదలవుతుంది, ఆరోగ్య గణాంకాలు ఎక్కువగా ఆ గీతనే వాడతాయి. ఇందులో అర్థం ఉంది. 65 దాటితే దాదాపు అందరికీ ఇన్సూరెన్స్ ఉంటుంది, అంతకు ముందు ఉద్యోగం బట్టి, రాష్ట్రం బట్టి, అదృష్టం బట్టి. కాబట్టి 65 లోపు మరణాల్లో జబ్బు ఎంత ఉందో, ఆ జబ్బు ఎంత ఆలస్యంగా బయటపడింది, చికిత్స అందిందా లేదా అన్నది కూడా అంత కలిసి ఉంటుంది.

ఇంకో లాభం కూడా ఉంది. ఫ్లోరిడాలో సమ్టర్ కౌంటీ అని ఉంది, ద విలేజెస్ అనే పెద్ద రిటైర్మెంట్ కాలనీ చాలా భాగం అందులోనే ఉంటుంది. ఆ కౌంటీ జనంలో సగానికి పైగా 65 దాటినవాళ్లే. అక్కడ మొత్తం క్యాన్సర్ మరణాలు లెక్కేసి జనాభాతో భాగిస్తే భయంకరమైన అంకె వస్తుంది, అందులో వింతేమీ లేదు. 65 లోపు గీత ఈ గోలని చాలావరకు తీసేస్తుంది. చాలావరకే, పూర్తిగా కాదు, ఎందుకు కాదో కాసేపట్లో చెప్తాను.

ఒక హెచ్చరిక ఇక్కడే. అన్ని వయసుల రేటుని 65 లోపు రేటుతో పక్కపక్కన పెట్టి పోల్చకండి. అమెరికా మొత్తం మీద అన్ని వయసుల క్యాన్సర్ మరణాల రేటు ఈ మధ్య ఏడాదికి లక్ష మందికి 140, 150 మధ్య నడుస్తోంది, 65 లోపు వాళ్లది అందులో దాదాపు మూడో వంతు. ఎవరైనా "మా కౌంటీలో 48 మాత్రమే, దేశంలో 146" అని సంబరపడుతుంటే వాళ్లు రెండు వేరు వేరు లెక్కల్ని కలిపేశారని అర్థం.

అంకె ఎక్కడి నుంచి తీయాలి

ఫార్వర్డ్ అయిన బొమ్మ నుంచి మాత్రం కాదు. రెండు వెబ్‌సైట్లు చాలు, రెండూ ఉచితమే.

మొదటిది స్టేట్ క్యాన్సర్ ప్రొఫైల్స్, నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, సీడీసీ (అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ) కలిసి నడిపేది. మరణాల పట్టికకి వెళ్లి రాష్ట్రం ఎంచుకోండి, కౌంటీల వారీగా అడగండి, క్యాన్సర్ దగ్గర అన్ని రకాలు, వయసు దగ్గర 65 లోపు అని పెట్టండి. ఆ వయసు పెట్టె చాలామంది ముట్టుకోరు, దాంతో అన్ని వయసుల రేటే వచ్చి కూర్చుంటుంది. వచ్చిన పట్టికలో రేటు ఒక్కటే కాకుండా దాని పక్కన కింద హద్దు, పై హద్దు (అసలు రేటు ఈ రెండిటి మధ్య ఎక్కడైనా ఉండొచ్చని), ఏడాదికి సగటున ఎన్ని మరణాలు, ఈ మధ్య పెరుగుతోందా తగ్గుతోందా అన్నవి కూడా ఉంటాయి. సాధారణంగా అది 5 ఏళ్లు కలిపిన లెక్క.

రెండోది సీడీసీ వండర్. చూడ్డానికి పాతకాలం ఫారంలా ఉంటుంది గానీ పని చేస్తుంది. డెత్ సర్టిఫికెట్లలో మూలకారణంగా రాసినదాన్ని బట్టి లెక్కలిస్తుంది, క్యాన్సర్ కోడ్లు సీ00 నుంచి సీ97 వరకు. మీకు కావలసిన సంవత్సరాలు, వయసు గుంపులు మీరే కలుపుకోవచ్చు.

ఏది వాడినా నాలుగు విషయాలు ఒక కాగితం మీద రాసుకోండి: ఏ సంవత్సరాలు, ఏ వయసు, ఎన్ని మరణాలు, వయసు సర్దిన రేటా కాదా (అదేంటో కింద చెప్తాను). ఈ నాలుగూ లేని అంకెని ఎవరు పంపినా పక్కన పెట్టేయండి, అది మీ ఇంటాయన పంపినా సరే.

నిజంగా ఎక్కువేనా: మరణాల సంఖ్య చూడండి

అసలు పని ఇక్కడే ఉంది కాబట్టి నెమ్మదిగా వెళ్దాం. ఒక ఊహా కౌంటీ తీసుకుందాం. 65 లోపు జనం 18,000. అయిదేళ్లలో క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు వరసగా 14, 5, 9, 11, 6. మొత్తం 45.

మొదటి ఏడాది రేటు లక్షకి 78. రెండో ఏడాది 28. మొదటి ఏడాది లోకల్ పేపరువాడు "మరణాల కౌంటీ" అని రాస్తాడు, రెండో ఏడాది కౌంటీ కమిషనర్ "మా కృషి ఫలించింది" అని ప్రెస్ మీట్ పెడతాడు. నిజానికి అక్కడ ఏమీ మారలేదు. ఏడాదికి సగటున 9 మరణాలున్న చోట ఒకసారి 5, ఒకసారి 14 రావడం మామూలు ఊగిసలాటే.

ఇదే కౌంటీని వండర్‌లో ఏడాదేడాదికి అడిగారనుకోండి, 5, 9, 6 ఉన్న సంవత్సరాలకి అంకె అసలు చూపించదు, 10 కంటే తక్కువ మరణాలుంటే గోప్యత కోసం దాచేస్తుంది. 14, 11 ఉన్న సంవత్సరాలకి రేటు బదులు "నమ్మదగింది కాదు" అనే ముద్ర వేస్తుంది, ఎందుకంటే 20 లోపు మరణాల మీద కట్టిన రేటుని అలాగే గుర్తిస్తుంది. అయిదేళ్లూ కలిపితే 45 వస్తాయి కాబట్టి అప్పుడు రేటు ఇస్తుంది: లక్షకి 50. స్టేట్ క్యాన్సర్ ప్రొఫైల్స్‌లో ఈ హద్దు ఇంకో రకంగా ఉంటుంది, 16 కంటే తక్కువుంటే దాచేస్తారు. ఖాళీ గడి కనిపిస్తే అక్కడ క్యాన్సర్ మరణాలు లేవని కాదు, చెప్పుకునేటన్ని లేవని. మ్యాపులో ఆ కౌంటీలు తెల్లగానో బూడిద రంగులోనో ఉంటాయి, దాన్ని "సేఫ్" అని చదివేవాళ్లని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు.

ఇప్పుడు ఈ 50 ఎంత గట్టి అంకె? కాలిక్యులేటర్ ఉంటే చాలు. మరణాల సంఖ్యకి వర్గమూలం తీసి, 200ని దాంతో భాగించండి. వచ్చింది శాతంలో మీ రేటు అటూ ఇటూ ఊగే దూరం. 45కి వర్గమూలం 6.7, అంటే దాదాపు 30 శాతం. 50లో 30 శాతం 15. కాబట్టి మీ కౌంటీ అసలు రేటు 35, 65 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. రాష్ట్రం రేటు 43 అయితే మీ కౌంటీ రాష్ట్రం కంటే ఎక్కువని చెప్పడానికి ఆధారం లేదు, తక్కువని చెప్పడానికీ లేదు. 100 మరణాలుంటే ఊగేది 20 శాతం, 400 ఉంటే 10 శాతం. చిన్న అంకెలకి ఇది మోటు లెక్కే, పట్టికలో ఇచ్చే హద్దులు ఇంకా సరైనవి, కానీ హద్దులు ఇవ్వకుండా రేటూ మరణాల సంఖ్యా మాత్రమే ఇచ్చిన చోట ఈ మోటు లెక్క బాగా పనికొస్తుంది.

రెండు కౌంటీల్ని పోల్చేటప్పుడు ఇంకా పట్టు కావాలి, ఎందుకంటే రెండూ ఊగుతున్నాయి. ఒకదాంట్లో 45, ఇంకోదాంట్లో 60 మరణాలుంటే, ఒకదాని రేటు రెండోదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంటే తప్ప తేడా ఉందని ధైర్యంగా అనలేం. "పక్క కౌంటీలో 44, ఇక్కడ 50, అక్కడే కొందాం" అనే నిర్ణయానికి ఈ డేటా దగ్గర జవాబు లేదు.

ఇందుకే ర్యాంకుల జోలికి వెళ్లొద్దంటాను. మూత్రపిండాల క్యాన్సర్ మరణాల మ్యాపు గురించి గణాంకాల క్లాసుల్లో ఎప్పటి నుంచో చెప్తుంటారు: అన్నిటికంటే తక్కువ రేటున్న కౌంటీలు చూస్తే పల్లెటూళ్లు, జనం పలచగా ఉన్నవి. అన్నిటికంటే ఎక్కువ రేటున్నవి చూస్తే అవీ పల్లెటూళ్లే, అవీ జనం పలచగా ఉన్నవే. స్వచ్ఛమైన గాలి అని ఒకరు, డాక్టర్లు లేరని ఇంకొకరు కథ చెప్పేయొచ్చు. అసలు కారణం జనాభా తక్కువ కావడం, అంతే. టెక్సస్‌లో లవింగ్ కౌంటీకి 2020 జనగణనలో తేలిన జనం 64 మంది. అక్కడ ఒక్కరు పోతే రేటు ఆకాశానికి, ఎవరూ పోకపోతే సున్నా. అదే పట్టికలో కోటి మందికి దగ్గరగా ఉన్న లాస్ ఏంజెలెస్ కౌంటీ కూడా ఒక వరసే. పైనా కిందా చివర్లలో ఎప్పుడూ చిన్నవే ఉంటాయి, పెద్దవి మధ్యలో ఉంటాయి, మీరు ఏ జబ్బు మ్యాపు తెరిచినా ఇదే తంతు.

ఇంకో లెక్క. 3,140 కౌంటీల్లో ఎక్కడా అసలు తేడా లేదనుకున్నా, 95 శాతం హద్దులు గీస్తే 150 పైచిలుకు కౌంటీలు కేవలం యాదృచ్ఛికంగా హద్దు దాటి కనిపిస్తాయి. వాటిలో ఒకటి మీది కావచ్చు. స్టేట్ క్యాన్సర్ ప్రొఫైల్స్ పట్టికలో ర్యాంకుకి కూడా కింద హద్దు, పై హద్దు ఇస్తారు, చిన్న కౌంటీ దగ్గర ఆ రెండంకెల మధ్య దూరం ఒకసారి చూడండి, ర్యాంకు మీద మోజు దానంతటదే పోతుంది.

65 లోపు అన్నా వయసు తేడా పోదు

పైన పూర్తిగా కాదు అన్నది దీని గురించే. 65 లోపు అంటే పసిపిల్లలూ ఉన్నారు, 64 ఏళ్లవాళ్లూ ఉన్నారు. క్యాన్సర్ మరణాల్లో ఎక్కువ భాగం ఆ గుంపు చివరి పదేళ్లలోనే పడతాయి. ఉదాహరణకి రెండు కౌంటీల్లో 45 లోపు వాళ్లకి రేటు లక్షకి 8, 45 నుంచి 64 వాళ్లకి 120 అనుకోండి, రెండు చోట్లా అచ్చం ఒకటే. ఒక కౌంటీలో నూటికి 80 మంది 45 లోపు వాళ్లు, ఇంకోదాంట్లో 60 మంది. మొత్తం రేటు కడితే మొదటిది 30, రెండోది 53. జబ్బులో తేడా లేదు, వైద్యంలో తేడా లేదు, అయినా అంకె దాదాపు రెండింతలు కనిపిస్తోంది.

పెన్సిల్వేనియాలో పెన్ స్టేట్ యూనివర్సిటీ ఉన్న సెంటర్ కౌంటీ, టెక్సస్‌లో ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీ ఉన్న బ్రేజోస్ కౌంటీ లాంటివి స్టూడెంట్లతో నిండి ఉంటాయి. అక్కడ సర్దని రేటు తక్కువగా ఉండటం వింత కాదు. అందుకే "ఏజ్ అడ్జస్టెడ్" (వయసు సర్దినది) అని ఉందా "క్రూడ్" (సర్దనిది) అని ఉందా చూడమన్నాను. వయసు సర్దిన రేటు అంటే అన్ని కౌంటీలకీ ఒకే రకం వయసుల కూర్పు ఉందనుకుని కట్టినది, అమెరికాలో 2000 సంవత్సరం జనాభాని కొలబద్దగా పెట్టుకుంటారు. పోల్చడానికి ఇది వాడండి. మీ ఊళ్లో ఎన్ని పడకలు కావాలి, ఎంతమంది ఆంకాలజిస్టులు (క్యాన్సర్ డాక్టర్లు) కావాలి అనే ప్రశ్నకైతే సర్దని సంఖ్యలే కావాలి.

ఎవరి లెక్క ఇది?

మరణం రాసేది ఎక్కడ చనిపోయారో ఆ కౌంటీకి కాదు, ఎక్కడ నివాసమో ఆ కౌంటీకి. ఎమ్‌డీ ఆండర్సన్ క్యాన్సర్ ఆస్పత్రి హ్యూస్టన్‌లో ఉంది కాబట్టి హ్యారిస్ కౌంటీ రేటు పెరగదు, మేయో క్లినిక్ రోచెస్టర్‌లో ఉంది కాబట్టి ఓమ్‌స్టెడ్ కౌంటీ రేటు పెరగదు. "పెద్ద క్యాన్సర్ ఆస్పత్రి ఉంది కదా, అందుకే ఎక్కువ" అని ఎవరైనా అంటే సాధారణంగా అది తప్పు.

సాధారణంగా అన్నాను చూశారా, దానికో మినహాయింపు ఉంది, చాలా గొప్ప మినహాయింపు. 2017లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో కౌంటీల క్యాన్సర్ మరణాల మీద ఒక అధ్యయనం వచ్చింది, 1980 నుంచి 2014 వరకు. అన్ని వయసుల లెక్క అది, 65 లోపుది కాదు. 2014కి అన్నిటికంటే తక్కువ కొలరాడోలో సమ్మిట్ కౌంటీ, లక్షకి దాదాపు 71. అన్నిటికంటే ఎక్కువ ఫ్లోరిడాలో యూనియన్ కౌంటీ, దాదాపు 503. ఏడు రెట్లు తేడా! నీళ్లలో ఏదో కలిసిందని అనుకుంటారు ఎవరైనా.

యూనియన్ కౌంటీ జనం 16,000 చిల్లర. ఆ కౌంటీలో లేక్ బట్లర్ దగ్గర ఫ్లోరిడా జైళ్ల శాఖ వాళ్ల రిసెప్షన్ అండ్ మెడికల్ సెంటర్ ఉంది, జైలూ అదే, ఖైదీలకి ఆస్పత్రీ అదే. రాష్ట్రంలో వేరే జైళ్లలో జబ్బు పడిన ఖైదీల్ని చికిత్సకి అక్కడికి తెస్తారు. ఖైదీకి నివాసం జైలే అని రాస్తే, మయామీలో పుట్టి పెరిగి ఇంకెక్కడో శిక్ష అనుభవిస్తూ ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరి చివరి నెలల్లో అక్కడికి వచ్చిన మనిషి మరణం కూడా యూనియన్ కౌంటీ ఖాతాలో పడుతుంది. కౌంటీ చిన్నది, రోగులు రాష్ట్రమంతటి నుంచీ. ఖైదీల్లో ఎక్కువమంది 65 లోపు వాళ్లే కాబట్టి మన గీత ఈ సమస్యని తగ్గించదు, ఇంకా పెంచొచ్చు కూడా. అందుకని మీకు ఎక్కడైనా మరీ ఎక్కువ రేటు కనిపిస్తే మొదట గూగుల్ మ్యాప్స్ తెరిచి ఆ కౌంటీలో జైలు, మిలిటరీ బేస్, యూనివర్సిటీ, పెద్ద నర్సింగ్ హోమ్ ఏమున్నాయో చూడండి. రెండు నిమిషాల పని.

మరి సమ్మిట్ కౌంటీ? బ్రెకెన్‌రిడ్జ్, కీస్టోన్ లాంటి స్కీ రిసార్టులున్న చోటు. ఇళ్లు మండిపోయే ధరలు. అక్కడ ఉండగలిగేవాళ్లు డబ్బున్నవాళ్లో, కొండల్లో పరుగెత్తగల కుర్రాళ్లో. ఒక కౌంటీ రోగుల్ని పోగేస్తే ఇంకోటి ఆరోగ్యవంతుల్ని పోగేసింది. ఏ కౌంటీ ముందు నిలబడినా ఈ ప్రశ్న వేసుకోండి: ఇక్కడికి ఎవరు వస్తారు, ఇక్కడ నుంచి ఎవరు వెళ్లిపోతారు?

మనవాళ్లు ఎక్కువగా ఉండే చోటుకి ఇది పెట్టి చూద్దాం. డల్లాస్ పక్కన కాలిన్ కౌంటీ, ప్లేనో, ఫ్రిస్కో వైపు. 1990లో 2 లక్షల 64 వేల జనం, 2020కి 10 లక్షల 64 వేలు. ముప్పై ఏళ్లలో నాలుగింతలు. అంటే ఇప్పుడు అక్కడున్నవాళ్లలో చాలామంది వేరే చోట పెరిగి ఉద్యోగానికి వచ్చినవాళ్లు, ఉద్యోగం ఉంది కాబట్టి ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు. పొగాకు వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ రావడానికి ఇరవై, ముప్పై ఏళ్లు పడుతుంది. యాభై అయిదేళ్ల మనిషి ఒంట్లో ఉన్నది ఫ్రిస్కో గాలి కంటే గుంటూరులోనో కరీంనగర్‌లోనో గడిపిన ముప్పై ఏళ్లు. అలాంటి కౌంటీలో రేటు తక్కువగా కనిపిస్తే అది ఉద్యోగాల గురించి, చదువుల గురించి చెప్తోందే తప్ప నీళ్ల గురించి కాదు. పైగా ఎవరైనా జబ్బు ముదిరాక అమ్మానాన్నల దగ్గరికి ఇండియా వెళ్లిపోయి అక్కడే పోతే ఆ మరణం అమెరికా లెక్కలో చేరదు. సంఖ్య చిన్నదే కావచ్చు, కానీ వలస వచ్చినవాళ్ల రేటు చదివేటప్పుడు మనసులో పెట్టుకోండి.

జాతి వారీ రేట్లు చూసేవాళ్లకి ఒక మాట. స్టేట్ క్యాన్సర్ ప్రొఫైల్స్‌లో ఆసియా, పసిఫిక్ ద్వీపాల వాళ్లంతా ఒకే గుంపు. మనమూ, చైనా వాళ్లూ, వియత్నాం వాళ్లూ, హవాయి మూలవాసులూ అందరం కలిపి ఒక అంకె. అందులో తెలుగువాళ్ల గురించి వెతకడం వృథా.

ఏ క్యాన్సర్?

అన్నీ కలిపిన రేటు తలుపు దాకానే తీసుకెళ్తుంది. లోపలికి వెళ్లాలంటే విడగొట్టాలి. 65 లోపు మరణాల్లో ఊపిరితిత్తులు, పెద్దపేగు, రొమ్ము, క్లోమం, కాలేయం ప్రధానం. ప్రొస్టేట్ మరణాలు ఎక్కువగా 65 దాటాకే కాబట్టి ఇక్కడ పెద్దగా కనిపించవు. విడగొట్టిన కొద్దీ మరణాల సంఖ్య చిన్నదవుతుంది, పైన చెప్పిన ఊగిసలాట మళ్లీ వస్తుంది, అందుకే ఒక్క కౌంటీకి బదులు పక్కపక్క కౌంటీలు నాలుగైదు కలిపి చూడండి.

అలా కలిపితే అసలు తేడాలు బయటపడతాయి. తూర్పు కెంటకీ కొండ ప్రాంతంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు ఎక్కువన్నది ఒక్క కౌంటీ కథ కాదు, పక్కపక్కనే ఉన్న కౌంటీలన్నీ ఏళ్ల తరబడి అదే చెప్తున్నాయి, పొగాకు అలవాటూ అక్కడే ఎక్కువ. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టెక్సస్‌లో మెక్సికో సరిహద్దు వెంబడి ఎక్కువ, ముందే పరీక్ష చేస్తే ఆపగలిగిన క్యాన్సర్ అది. పెద్దపేగు క్యాన్సర్ 50 లోపు మగవాళ్లలో క్యాన్సర్ మరణాలకి మొదటి కారణంగా మారింది. 1991 నుంచి 2022 మధ్య అమెరికాలో మొత్తం క్యాన్సర్ మరణాల రేటు 34 శాతం తగ్గిందన్న మంచి వార్త పక్కనే ఇది కూడా ఉంది.

ఇక్కడే కేసుల రేటుని, మరణాల రేటుని పక్కన పెట్టి చూడాలి. కేసులు ఎక్కువ, మరణాలు మామూలు అంటే పరీక్షలు బాగా జరుగుతున్నాయని కావచ్చు. కేసులు మామూలుగా ఉండి మరణాలు మాత్రం ఎక్కువంటే ఆలస్యంగా కనిపెడుతున్నారా, చికిత్స అందట్లేదా అని అనుమానించాలి. టెక్సస్, జార్జియా, మిసిసిపీ, అలబామా, టెనెస్సీ లాంటి రాష్ట్రాలు 2014లో మొదలైన మెడికెయిడ్ (ఆదాయం తక్కువున్నవాళ్లకి ప్రభుత్వ బీమా) విస్తరణని తీసుకోలేదు. ఆదాయం తక్కువున్న పని వయసు మనిషికి అక్కడ ఇన్సూరెన్స్ దొరకడం కష్టం. 65 లోపు రేటు ఎక్కువై, 65 పైన రేటు రాష్ట్రంతో సమానంగా ఉన్న చోటు దొరికితే నేను మొదట చూసేది ఫ్యాక్టరీ పొగగొట్టం కాదు, ఇన్సూరెన్స్ లేనివాళ్ల శాతం.

ఫ్యాక్టరీ అనుమానమే ఉంటే కౌంటీ అంకె మీకు తోడు రాదు. కాలిఫోర్నియాలో శాన్ బెర్నార్డినో అనే ఒక్క కౌంటీ విస్తీర్ణం తెలంగాణలో దాదాపు సగం. అంత నేలలో ఒక ప్లాంటు పక్కనున్న రెండు వీధుల సంగతి కొట్టుకుపోతుంది. లూసియానాలో బేటన్ రూజ్ నుంచి న్యూ ఆర్లియన్స్ దాకా నది వెంబడి రసాయన ఫ్యాక్టరీల పక్కన ఉండేవాళ్లు ఏళ్లుగా చేస్తున్న వాదనల్లో ఇదొకటి: అక్కడ కౌంటీని ప్యారిష్ అంటారు, ప్యారిష్ మొత్తం సగటు తీసి మా వీధి గురించి మాట్లాడకండి అని. ఆ మాటలో న్యాయం ఉంది. అలాంటప్పుడు సెన్సస్ ట్రాక్ట్ (జనగణన కోసం కౌంటీని విడగొట్టిన చిన్న ముక్క) స్థాయి లెక్క కోసం రాష్ట్ర క్యాన్సర్ రిజిస్ట్రీని అడగాలి. క్యాన్సర్ కేసులు అసాధారణంగా పోగుపడ్డాయన్న ఫిర్యాదుల్ని ఎలా పరిశీలించాలో సీడీసీ 2022లో కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది, రాష్ట్ర ఆరోగ్య శాఖకి రాసేటప్పుడు వాటి ప్రస్తావన తెండి.

మార్పు గురించి రెండు ముక్కలు

పట్టికలో పెరుగుతోందా తగ్గుతోందా అనే చోట "స్టేబుల్" అని ఉంటే మారలేదనే కాదు, మారిందో లేదో చెప్పేంత డేటా లేదని కూడా కావచ్చు. చిన్న కౌంటీలకి ఎక్కువగా అదే. 2020, 2021 కలిసిన లెక్కల్లో కోవిడ్ ఉంది: క్యాన్సర్ రోగి కోవిడ్‌తో పోతే మూలకారణం కోవిడ్ అని నమోదయ్యే అవకాశం ఉంది, ఆ మేరకు క్యాన్సర్ అంకె తగ్గుతుంది. కౌంటీ సరిహద్దులో పేరో మారిన చోట్ల పాతదీ కొత్తదీ నేరుగా అతకవు. కనెక్టికట్ 8 కౌంటీలకి బదులు 9 ప్లానింగ్ రీజియన్లతో సెన్సస్ లెక్కలు 2022 నుంచి వస్తున్నాయి. సౌత్ డకోటాలో షానన్ కౌంటీ 2015లో ఓగ్లాలా లకోటా కౌంటీ అయింది, పాత పేరుతో వెతికి "డేటా మాయం చేశారు" అనొద్దు.

ఇంటి దగ్గర మన జిల్లాలకి ఇదే చేద్దామని కొందరికి ఉత్సాహం వస్తుంది. చేయకూడదని కాదు గానీ, ఇండియాలో 2020లో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధృవీకరించినవి 22.5 శాతమే. క్యాన్సర్ రిజిస్ట్రీలు హైదరాబాద్ లాంటి కొన్ని చోట్లకే ఉన్నాయి. అమెరికా కౌంటీ రేటు పక్కన మన జిల్లా రేటు పెట్టి "మన దగ్గర తక్కువే" అనే పోస్టులు చూస్తే, మనం తక్కువ రాసుకుంటున్నాం అని చదువుకోండి.

గ్రూపులో పెట్టాలంటే

మ్యాపు స్క్రీన్‌షాట్ కాకుండా ఒక్క వాక్యం రాయండి. పైన ఊహించుకున్న కౌంటీకి వయసు సర్దినా రేటు 50 దగ్గరే వచ్చిందనుకుంటే ఇలా: "2018 నుంచి 2022 వరకు కలిపి, 65 లోపు ఆడా మగా అందరిలో, అన్ని క్యాన్సర్లకి, వయసు సర్దిన మరణాల రేటు లక్షకి 50, హద్దులు 35 నుంచి 65, మొత్తం 45 మరణాలు, రాష్ట్రం రేటు 43, కౌంటీలో పెద్ద జైలు లేదు." ఇది పెట్టగానే ఎవరో ఒకరు "అయితే కొనొచ్చా వద్దా?" అని అడుగుతారు. దానికి ఈ అంకెతో పని లేదని చెప్పి, వాళ్లకి 45 దాటి ఉంటే పెద్దపేగు పరీక్ష చేయించుకున్నారా అని అడగండి, 2021 నుంచి సిఫారసు 45కే మొదలవుతోంది. ఆడవాళ్లకి మామోగ్రామ్ (రొమ్ము క్యాన్సర్ పరీక్ష) 2024 నుంచి 40కే. పాతికేళ్లు సిగరెట్ కాల్చిన బావగారు గ్రూపులో ఉంటే, 50 దాటితే, ఊపిరితిత్తుల సీటీ స్కాన్ గురించి డాక్టర్ని అడగమని ఆయనకి విడిగా మెసేజ్ పెట్టండి.